పలకల మేస్త్రీ కొట్టి చూసిన సినిమా

బలం పుట్టుకతోనే వస్తుందని మీరింకా నమ్ముతున్నారా?

మార్కాపురంలో మా పక్కింటి పలకల మేస్త్రీ నమ్మలేదు. రాయిలో పగులుందేమోనని వేలి మెటికతో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఆ అలవాటు ఆయనకు సినిమాల దాకా పాకింది.

ఒక సూపర్‌హీరో సినిమా మొదటి భాగంలో మెకానిక్ కుర్రాడు పదిసార్లు కిందపడి ఎగరడం నేర్చుకున్నాడు. రెండో భాగం ఇంకా పెద్దది, చూడ్డానికి అద్భుతం. కానీ అందులో వాడు దేవతల వంశంవాడని తేల్చారు.

మేస్త్రీ, వాళ్లన్న, నేను రెండో భాగం చూసి హాలు బయట టీ తాగుతున్నాం. మేస్త్రీ బల్లను మెటికతో కొట్టాడు.

"మొదటిది గట్టి రాయి. ఇది పెద్ద పలకే గానీ లోపల పగులుంది."

వాళ్లన్న నవ్వాడు. "సినిమా గురించి నీకేం తెలుసురా? వంశంలో లేంది యాడనుంచి వస్తాది? అందుకే నీ కూతురికి పాలిటెక్నిక్ వద్దంటుండా."

"వాడు కిందపడినప్పుడు ఏ వంశమొచ్చి లేపింది అన్నా? నా బిడ్డా అట్లనే నేర్చుకుంటాది."

పాలిటెక్నిక్ దరఖాస్తుకు మర్నాడే ఆఖరు రోజు. అన్నకు భయపడి జేబులోనే దాచుకున్న ఆ కాగితం తీసి, మేస్త్రీ అన్న ఎదుటే సంతకం పెట్టాడు.

మీ ఇంట్లో వంశం పేరు చెప్పి ఏ పిల్ల చదువును ఆపారో, ఆ పిల్ల దరఖాస్తు మీద ఈరోజే సంతకం పెట్టండి.