ఇద్రీసు అడిగిన రొట్టె

ఆళ్లగడ్డలో పుట్టి నంద్యాలలో మెట్టిన రాహేలమ్మకు ఎవరి సంగతైనా కనుక్కోకపోతే కూడు దిగదు. 1983లో వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి విదేశీ విద్యార్థులు పొలం పనులు నేర్చుకోను వచ్చినప్పుడు, వాళ్లను చూసుకునేదెవరని చర్చిలో అయ్యగారు అడుగుతుండగానే చెయ్యెత్తింది.

ఆమె వసారాలో దిగిన సూడాను పిల్లోడు ఇద్రీసు, తెలుగు ముక్కలు నేర్చినవాడే. అన్నం మాత్రం ముట్టడు. “రొట్టె” అనడిగితే, దొరల తిండి కాబోలనుకుని బజారంతా తిరిగి బ్రెడ్డూ జామూ తెచ్చింది. అదీ వదిలేశాడు. చదువు మానేసి ఇంటికి పోతానని పెట్టె సర్దుకున్నాడు.

ఆ పొద్దు ఆమె తన కోసం జొన్నరొట్టె కాలుస్తుంటే, వాసన పట్టుకుని గడపలోకొచ్చాడు.

“అమ్మా, ఇదే రొట్టె!”

“ఓర్నీ! ఇది మేం తినేది నాయనా. మీ ఆడ గూడా జొన్నలేనా?”

“జొన్నలే. మా అమ్మ తట్టదు, దోసె మాదిరి పోస్తుంది.”

“పోస్తాదా? పిండి పులవబెడ్తాదా? మీ అమ్మ పేరేంది?”

జవాబులు చెబుతూనే శెనగ్గింజల ఊరిబిండి నంజుకుని రొట్టెలన్నీ లాగించాడు. ఆమె వాటా కూడా.

“రేపూ చేస్తావా అమ్మా?”

“చేస్తాలే. ముందు బోయి ఆ పెట్టె విప్పు. మీ అమ్మ పోసే రొట్టె నాకు నేర్పకుండా యాడికి పోతావ్?”