ఎనభై గ్రెయిన్ల కవరు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో మా తెలుగువాళ్ళ పార్టీల్లో దుప్పటి కప్పుకుని పిల్లల్ని భయపెట్టేది నేనే. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, దానికి వీసా ఎవరిచ్చారని అడిగేదీ నేనే. ఇది చదివి మావాళ్ళు నవ్వితే వాళ్ళ తప్పు కాదు. ఆ అలవాటు చేసింది నేను.

అసలు ఇందులో దయ్యం కూడా లేదు. ఒక చిన్న కవరు ఉంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. బడే నన్ను మానేసిందంటాడు మా మేనమామ. ప్రొద్దుటూరులో ఆయన బంగారు అంగట్లో గురిగింజలతో తూకం నేర్చుకున్నాను. అక్కడ ఒకటే కట్టుబాటు. పొట్లం కట్టాక ఇంకోసారి తూచనిదే చెయ్యి దాటనివ్వకూడదు. కట్టేటప్పుడు మాట్లాడకూడదు. రెండోది నాకు ఎప్పుడూ కష్టమే.

నా భార్య నర్సుగా మెల్‌బోర్న్ వచ్చింది, ఆమె వెనక సూట్‌కేసుల్లో ఒకటిగా నేను వచ్చాను. చేపల గాలాల సామాను అమ్మే అంగట్లో వెనక గదిలో పని దొరికింది. ఒకరోజు మా బాస్ గాలపు దారం, అదే లైను, తూస్తూ గ్రెయిన్లలో లెక్క చెప్పాడు. ఒక గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. తర్వాతి లైను ఎత్తు కాటా కంటే ముందే చేత్తో చూసి చెప్పాను. ఆ రోజు నుంచి స్పే రాడ్ల పని మొత్తం నాకు వదిలేశాడు.

స్పే రాడ్ అంటే రెండు చేతులతో పట్టుకునే గాలపు కర్ర, రెండు బారలకు పైగా ఉంటుంది. ఒడ్డున వెనక చెట్లుంటే లైను వెనక్కి విసరలేం కదా. నీళ్ళ మీద నుంచే దాన్ని లేపి, చుట్ట తిప్పి ముందుకు వేస్తారు. ఆ రాడ్ ఎంత మోయగలదో లైను అంతే బరువుండాలి. లైను కొసకు నీళ్ళలో మునిగే తోక ఒకటి తగిలిస్తారు. సింక్ టిప్ అంటారు. దాని బరువు ఎక్కువైతే లైను నీళ్ళలోంచి లేవదు. ఎంత మొనగాడు విసిరినా ముందరే కుప్పగా పడుతుంది.

ఈ రాడ్లు వాడేవాళ్ళు ఇక్కడ తక్కువ. మావాళ్ళలో ఒక్కరే, సుధాకర్ అంకుల్. కడపాయన, రిటైరైన మత్తు డాక్టరు. ఇంగ్లండ్‌లో చదివేటప్పుడు నేర్చుకున్నారట. "ఆపరేషన్‌కి సూదితో, సభలో ఉపన్యాసంతో నిద్రపుచ్చుతారు" అని ఆయన ముందే అనేవాణ్ణి. ఆయన నవ్వేవారు. అందుకే ఇంకా అనేవాణ్ణి.

అందరం కుటుంబాలతో గోల్‌బర్న్ నది దగ్గర క్యాంపింగ్‌కి వెళ్ళే ముందు ఆయన టిప్ కోసం అంగటికి వచ్చారు. ఆయన రాడ్‌కి సరిపోయేది ఎనభై గ్రెయిన్లది. అదే రోజు ఇంకో కస్టమర్‌కి నూట నలభైది కావాలి. రెండూ కోశాను, తూచాను. కొసలకి ఎర్ర పట్టుదారం చుట్టాను. నల్లపూసలు గుచ్చే ఆ దారం ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్నది, ఆ ముడి మా మేనమామ ముడి. రెండు కవర్ల మీద తెలుగు అంకెలు వేశాను, ౮౦, ౧౪౦. మామ పొట్లాల మీద అట్లాగే వేసేవాడు.

అంతలో అంకుల్ కౌంటర్ దగ్గర నుంచి పలకరించారు. నేను ఏదో వేళాకోళం మొదలుపెట్టి, చుట్టల్ని కవర్లలో వేసి, ఒకటి ఆయన చేతికిచ్చాను. మళ్ళీ తూచలేదు. ఆ రెంటికీ తేడా నాలుగు గ్రాములు, ఒక ఉంగరమంత. అది నా చేతికి తెలియకపోవడం ఉండదు. నోరు పనిలో ఉంది కాబట్టి చెయ్యి చూడలేదు.

నది దగ్గర ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒడ్డున మేమంతా కుర్చీలు వేసుకున్నాం. మొదటి విసురు ముందరే కుప్పగా పడింది. రెండోదీ అంతే. ఏడెనిమిది సార్లు చూశారు. ఆఖరిసారి బలంగా లాగబోయి కాలు జారి, ఒక మోకాలి మీద పడ్డారు. గాలం వచ్చి ఆయన టోపీకే తగులుకుంది. నేను వీడియో తీస్తున్నాను.

సాయంత్రం బార్బెక్యూ దగ్గర పట్టకారు పట్టుకుని ఆయన విసరడం, జారడం, టోపీ, అన్నీ చేసి చూపించాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. తర్వాత పక్కకు వచ్చి మెల్లగా అడిగారు.

"ఏమప్పా బ్రహ్మం, ఎత్తు సరిగ్గా చూసినావు కదా?"

"టిప్ ఎత్తు సరిగ్గానే ఉండాది అంకుల్. చేతి ఎత్తే తగ్గింది."

పక్కవాళ్ళు విని మళ్ళీ నవ్వారు. ఆయన తన అరచేతుల్ని ఒకసారి చూసుకున్నారు.

మంగళవారం అంగట్లో ఆ వీడియో బాస్‌కి చూపించాను. ఆయన నవ్వలేదు. అది చెయ్యి కాదు, టిప్ బరువు ఎక్కువైంది అన్నాడు. రెండో కస్టమర్ ఇంకా రాలేదు, ౧౪౦ కవరు బల్ల మీదే ఉంది. లోపలిది తీసి కాటా మీద వేశాను. బాస్ పక్కనే ఉండి పైకి చదివాడు. ఎనభై.

అప్పుడే ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. కానీ ఆ వీడియో అప్పటికే మా గ్రూపులో అందరి ఫోన్లలో తిరుగుతోంది. కింద నా డైలాగు కూడా ఉంది. తప్పు నాదని చెబితే ఈసారి ఆ పట్టకారు ఇంకొకరు పట్టుకుని నన్ను చేసి చూపిస్తారు. అది మిగిలిపోయిన ముక్క అని బాస్‌తో చెప్పి, కత్తెరతో నాలుగు తునకలు చేసి చెత్తబుట్టలో వేశాను. వేరే నూట నలభై కోసి ఆ కస్టమర్‌కి ఇచ్చాను.

అంకుల్ మళ్ళీ నదికి వెళ్ళలేదు. "చేతులు పోయినాయప్పా" అనేవారు. పార్టీల్లో టీ ట్రే అందుకోబోయి వెనక్కి తగ్గడం నేను చూశాను. చూసినప్పుడల్లా ఇంకో జోకు వేశాను.

ఆరు నెలలకు ఆయన పోయారు. నిద్రలో గుండె ఆగింది. దానికీ దీనికీ సంబంధం లేదని నా భార్య చెప్పింది. నేను పదేపదే అడిగాను కాబట్టి చెప్పింది. ఎందుకు అడుగుతున్నానో మాత్రం చెప్పలేదు.

కర్మకాండలయ్యాక ఆయన భార్య లలిత ఆంటీ కబురు చేసి ఆ రాడ్, రీలు, టిప్‌లు పెట్టుకునే తోలు పర్సు నాకు ఇచ్చారు. "నదికి పోయొచ్చినాక ఆయన దాన్ని ముట్టుకోల్యా. నీ దగ్గరుంటే పనికొస్తుంది" అన్నారు.

పర్సులో ఒకటే కవరు ఉంది. నా చేతిరాత, ౮౦. లోపల ఉన్నది నూట నలభై అని నాకు తెలుసు. మర్నాడు పొద్దున అంగట్లో, కనీసం ఇప్పుడైనా దాన్ని సరైన అంకెతో పెడదామని కాటా మీద వేశాను.

ఎనభై చూపించింది.

కాటా చెడిందనుకున్నాను. తూకపు రాయి పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. ఇంకో కాటా తెచ్చాను. బాస్‌ని పిలిచాను. ఎనభై. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. చెయ్యి కూడా అదే చెప్పింది.

ఆయన వేరేది కొనుక్కున్నారేమో అనుకోవచ్చు. కానీ కొసల్లో ఎర్ర పట్టుదారం ఉంది. ముడి మామ ముడి. ఎనభైది ఆ దారంతో నేను కట్టింది ఒక్కటే, దాన్ని నా చేత్తోనే తునకలు చేశాను. నదికి తెచ్చింది ఇదే అయితే వీడియోలో లైను లేచి ఉండాలి. నా జ్ఞాపకమే తప్పేమోనని బాస్‌ని అడిగాను. ఆ మంగళవారం తాను ఎనభై అని చదవడం, నేను కత్తెర తీయడం ఆయనకు బాగా గుర్తు. రెండో కస్టమర్‌కి ఫోన్ చేసి ఆయనది కూడా తూయించాను. నూట నలభై.

మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. భయం కాదు. ఆ కవరు ఎవరో తూచి, సరిచేసి, నా చేతికి తిరిగిచ్చినట్టుంది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం ఆంటీ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నిలబడే అంతా చెప్పాను. కవర్లు, వీడియో, కత్తెర. జీవితంలో మొదటిసారి జోకు లేకుండా అంతసేపు మాట్లాడాను. కవరు బల్ల మీద పెట్టాను. దాని సంగతీ చెప్పాను గానీ ఆవిడ ఆ భాగం విన్నట్టు లేదు.

"అయితే ఆయన చెయ్యి బాగానే ఉండిందా?" అన్నారు.

"బాగానే ఉండింది ఆంటీ."

"నీళ్ళల్లోకి దిగొద్దని నేనే ఒట్టేయించుకున్యా. గంటె గూడా నేనే లాక్కుంటాంటి. పడేసుకుంటాడని." చేతిలో కాయ పక్కన పెట్టి మళ్ళీ అడిగారు. "బాగానే ఉండిందా?"

తలూపాను.

"ఆ మాట నాకు కాదప్పా, ఆయనకి చెప్పాల్సింది" అని మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. నేను ఇంకొంచెంసేపు నిలబడి వచ్చేశాను.

గ్రూపులో కూడా రాశాను, తప్పు నాదని. జోకనుకుని ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ కవరు ఇప్పుడు అంగట్లో నా సొరుగులో ఉంది. పొద్దున్నే కాటా సరిచూసేటప్పుడు ముందు దాన్ని తూస్తాను. ఒక్కరోజైనా నూట నలభై చూపిస్తుందేమోనని, నా పొరపాటు నా పొరపాటుగానే ఉంటుందేమోనని. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. బాస్‌కీ తెలియదు. ఇవాళ కూడా ఎనభై.