దాటింది అన్న మాట

మా కొండ ఊరు గోర్నో రెబ్రోలో నెవెనా కరాలీవా ముఖం కంటే ముందు ఆమె గొంతు అందరికీ పరిచయం. ఇరవై రెండేళ్లు పోస్టాఫీసు వెనకగదిలో కూర్చుని టెలిఫోన్ ఎక్స్ఛేంజి నడిపింది. ఎవరైనా రిసీవర్ ఎత్తి ఊపిరి తీసుకుంటే చాలు, అదెవరో పోల్చుకునేది. ఆ గదిలో ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. అవతలి మనిషి "అలో" అన్నాకే ఇవతలి మనిషికి "కలిపాను" అని చెప్పాలి. ఒకసారి పార్టీ కార్యదర్శి విసుక్కున్నాడట.

"ముందే కలిపానని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మేం పోదు కామ్రేడ్. మీరు గోడతో మాట్లాడుకోవాల్సి వస్తుంది."

ఎక్స్ఛేంజిలోకి యంత్రం వచ్చి ఆమెను ఇంటికి పంపింది. అప్పటికి భర్త పోయి మూడేళ్లు. పిల్లలు లేరు. ఆ ఏడాదే ఒకప్పుడు టెలిఫోన్ తీగలు బాగుచేసే ఇల్కో ఇంటికొచ్చి, "నెవెనక్కా, నీ చెవులకి తుప్పు పట్టకముందే ఒక పని చెప్తాను" అన్నాడు. బాల్కన్ దేశాల కార్ల ర్యాలీలో ఒక పోటీ మా కొండదారి మీద జరుగుతుంది. ఆ దారికి ఇల్కోయే పెద్ద.

ఏడాదికి ఆరు పోటీలు, ఐదు దేశాలు. మాకు మాత్రం ఆ ఛాంపియన్‌షిప్ అంటే జూన్‌లో ఒక శనివారం. మిగతాదంతా పేపర్లోనే చదువుకోవాలి. ఒక్కో పోటీ అయ్యాక నెవెనా పాయింట్ల పట్టిక కత్తిరించి వంటింటి అలమర తలుపుకి అంటించేది. సెర్బియాలోని స్మెడెరెవో నుంచి వచ్చే స్రెతెన్, వుకాషిన్ జంట ఆమెకు ఇష్టం. స్రెతెన్ బండి నడుపుతాడు. వుకాషిన్ పక్కన కూర్చుని, రాబోయే మలుపులు పుస్తకంలో చూసి గట్టిగా చదువుతాడు. ప్రతి జూన్‌లోనూ పోటీకి ముందు దారి చూసుకోవడానికి వచ్చి, నాలుగో పోస్టు దగ్గర బండి ఆపి ఆమె చేతి కాఫీ తాగేవాళ్లు.

దారి పొడవునా బళ్లు దాటడం చూసే కాపలా చోట్లని పోస్టులంటారు; ఆ నాలుగో పోస్టే నెవెనాది. పని తేలికే. బండి ఎదురుగా దాటిపోగానే జాబితాలో ఆ నంబరు పక్కన టిక్కు పెట్టాలి, రేడియోలో "దాటింది" అని చెప్పాలి. ఒక పోస్టు దాటిన బండి తరవాతి పోస్టుకి చేరకపోతే ఆ రెండింటి మధ్య వెతుకుతారు. అప్పట్లో బండి ఎక్కడుందో చెప్పే యంత్రాలు ఈ పోటీలకు లేవు. ఉన్నదల్లా ఆ మాటే.

ఆమె పోస్టుకి ఎడమవైపు కింద ఒక మలుపుంది. అక్కణ్ణుంచి పైకి రావడానికి బండికి నలభై సెకన్లు పడుతుంది. కింద హోరు వినబడగానే నెవెనా నంబరు చెప్పేసేది. ఎర్రజెండా పట్టుకుని పక్కన నిలబడే రాడోయ్, రిటైరైన అడవి గార్డు, చూడ్డానికి వచ్చినవాళ్లను రెచ్చగొట్టేవాడు.

"పందెం కాయండర్రా! ఓడినవాడు నాకు రకియా పోయించాలి."

"గెలిచేది ఆవిడైతే తాగేది నువ్వా?"

"నెవెనా తాగదు. ఆవిడ బాధలన్నీ నేనే పడాలి!"

మొదట్లో నంబరు రాడోయ్‌కి మాత్రమే చెప్పేది. కొన్నేళ్లకు కింద హోరు వినగానే టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. ఇంకొన్నేళ్లకు రేడియోలో "దాటింది" కూడా అప్పుడే చెప్పేసేది. పదకొండేళ్లలో ఒక్క నంబరూ తప్పు పోలేదు.

పన్నెండో ఏడాది జూన్ శనివారం తెల్లవారినప్పటి నుంచీ పొగమంచు. రెండు నిమిషాలకొక బండి వదులుతున్నారు. ఆరో నంబరు వెళ్లిపోయింది. తరవాత కింద మలుపులో ఏడో నంబరు, స్రెతెన్ బండి గొంతు వినబడింది. నెవెనా టిక్కు పెట్టి రేడియో నొక్కింది.

"నాలుగో పోస్టు. ఏడు దాటింది."

అదే క్షణంలో ఎవరో లావుపాటి మనిషి మడతకుర్చీ ఈడ్చుకుంటూ రోడ్డు వంపుకి బయటివైపు నిలబడటం ఆమె కంటబడింది.

"నాయనా, అక్కడ కాదు! వెనక్కి రా!"

"ఇక్కడైతే దుమ్ము రాదు పిన్నీ."

"దుమ్ము రాదు, బండే వస్తుంది! రాడోయ్, ఆ కుర్చీ లాగు!"

ఇద్దరూ కలిసి ఆ మనిషినీ, కుర్చీనీ, అతని సాసేజిల మూటనీ గట్టుమీదికి ఎక్కించి వచ్చేసరికి కింద ఎనిమిదో నంబరు హోరు. ఆమె టిక్కు పెట్టింది. ఎనిమిది ఎదురుగా దాటిపోయింది. ఏడు దాటలేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఐదో పోస్టు నుంచి అడిగారు: "ఏడు ఏదీ? ముందు ఎనిమిది వచ్చింది."

పోటీ ఆపేశారు. నాలుగో పోస్టు ఏడు దాటిందని చెప్పింది కాబట్టి, అందరూ నాలుగుకీ ఐదుకీ మధ్య వెతికారు. నెవెనా కూడా ఈల ఊదుతూ పైకే పరిగెత్తింది. పదకొండు నిమిషాలు. చివరికి మూడో పోస్టు మనిషి తనంతట తానే ఇటు నడిచి వస్తూ, నాలుగో పోస్టుకి మూడు వందల మీటర్ల దిగువన చెక్కుకుపోయిన పైన్ చెట్టుని చూశాడు. బండి దాని కింద లోయలో ఉంది. స్రెతెన్‌కి తలకి దెబ్బ తగిలి స్పృహ లేదు. వుకాషిన్ ఎడమకాలు నలిగిపోయి ఇనుములో ఇరుక్కుంది.

అంబులెన్సు దిగువకి వెళ్తుంటే నెవెనా చేతిలోని జాబితా చూసుకుంది. ఏడు పక్కన టిక్కు నిటారుగా, శుభ్రంగా ఉంది.

మంగళవారం ఇల్కో వచ్చాడు. టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"విచారణకి కాగితం రాయాలి. రేడియో గరగరలాడిందనీ, కంట్రోలు గదిలో యావోర్ తప్పు విన్నాడనీ రాస్తాను. జాబితా వానకి తడిసి పనికిరాకుండా పోయింది."

"వాన పడలేదుగా."

"మంచుకి తడిసింది. అక్కా, నిన్ను నేను తీసుకొచ్చాను. నిన్ను ఇలా పంపించలేను."

"మరి యావోర్?"

"ఈ సీజనుకి రేడియో నుంచి తప్పిస్తారు. కుర్రాడేం కాదుగా, తట్టుకుంటాడు."

ఆమె అవుననలేదు, కాదనలేదు. ఇల్కో దాన్ని అవుననే తీసుకుని వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం యావోరే వచ్చాడు. ఊళ్లో రేడియోలు బాగుచేసే నలభై ఐదేళ్ల మనిషి, ర్యాలీనాడు కంట్రోలు గదిలో అందరి మాటలూ విని రాసేది అతనే. చెర్రీపళ్ల బుట్ట గడప మీద పెట్టి నిలబడిపోయాడు.

"పిన్నీ, నాలుగు రోజులుగా గుర్తు తెచ్చుకుంటున్నాను. నువ్వు ఏడన్నావనే నా చెవిలో ఉంది. కానీ అందరూ ఇలా అంటుంటే... నేనే తప్పు విన్నానేమో. నన్ను క్షమించు. నీ పేరు నలుగురి నోళ్లలో పడింది."

నెవెనా బుట్ట అందుకుంది. తనకి పట్టుబడిన విద్య ఒక్కటే, చెవి. ఇప్పుడు సరిగ్గా విన్న ఇంకో మనిషి తన చెవిని తానే నమ్మడం మానేస్తున్నాడు.

గురువారం పొద్దున బస్సెక్కి జిల్లా ఆస్పత్రికి వెళ్లింది. యావోర్ తెచ్చిన చెర్రీలే చేతిలో ఉన్నాయి. స్రెతెన్ అప్పటికే కళ్లు తెరిచాడు, పక్క వార్డులో ఉన్నాడు. వుకాషిన్ కాలు మోకాలి కింద తీసేశారు. దుప్పటి అక్కడ చదునుగా ఉంది. అతను ఆమెను చూసి నవ్వబోయాడు.

"కాఫీ తేలేదా పిన్నీ?"

"తేలేదు బాబూ."

అతనే మళ్లీ అన్నాడు: "మీ ఈలలు వినబడ్డాయి. నాకు స్పృహ ఉంది. దగ్గరకొస్తారనుకున్నాను. పైకి, పైకి పోయాయి. అరిచాను. మీరింకా పైకే వెళ్లారు. ఎందుకని?"

ఆమె చెప్పింది. కింద మలుపు, టిక్కు, కుర్చీ మనిషి, పదకొండేళ్ల పందేలు. ఏదీ దాచలేదు. తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేదు.

వుకాషిన్ కిటికీ వైపు తిరిగాడు.

"ముందు చెప్పడం నా పని పిన్నీ," అన్నాడు. "మలుపు రాకముందే చెప్పాలి. అయ్యాక చెప్తే చస్తాం. నీది అయ్యాక చెప్పే పని."

"అవును."

"పది నిమిషాలు ముందొస్తే కాలు దక్కేదా అని డాక్టరుని అడిగాను. తెలియదన్నాడు. నువ్వు అతన్ని అడక్కు. నేనూ మళ్లీ అడగను" అన్నాడు.

క్షమించానని అతను అనలేదు. ఆమె అడగలేదు. చెర్రీలు మంచం పక్కన పెట్టి లేచింది. అక్కణ్ణుంచి తిన్నగా ర్యాలీ ఆఫీసుకి నడిచి, కాగితం అడిగి తీసుకుని రాసింది: "ఏడో నంబరు బండి దాటడం నేను చూడలేదు. దాటిందని చెప్పాను. యావోర్ నేను చెప్పిందే విన్నాడు." కింద సంతకం, జాబితా జతచేసింది. ఇల్కో ఆ జాబితాని ఆమె దగ్గరే వదిలేసి వెళ్లాడు, ఆమే చింపేస్తుందని కాబోలు.

ఆమెను పోస్టు నుంచి శాశ్వతంగా తొలగించారు. ఇల్కోని ఒక ఏడాది పక్కన పెట్టారు, అతను ఆమెతో ఆ చలికాలమంతా మాట్లాడలేదు. యావోర్ రేడియో యావోర్‌కి తిరిగొచ్చింది. ఆ సీజను అక్టోబరులో గ్రీసులో ముగిసింది. పట్టికలో స్రెతెన్, వుకాషిన్‌ల పాయింట్లు జూన్‌లో ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి. నెవెనా ఆ పట్టికని కూడా అలమరకి అంటించింది.

మరుసటి జూన్‌లో ఆమె కొండెక్కి, నాలుగో పోస్టుకి వెనక, తాడు ఇవతల, మా అందరి మధ్యా నిలబడింది. ఎండగా ఉంది. కొత్త మనిషి జాబితాతో కూర్చుని ఉన్నాడు. కింద మలుపులో హోరు మొదలైంది. రాడోయ్ పాత అలవాటుతో వెనక్కి తిరిగాడు.

"ఏ నంబరు నెవెనా?"

ఆమె తెలియనట్టు ఊరుకుంది. హోరు పెరిగింది, బండి వంపు తిరిగింది, గులకరాళ్లు చిమ్మి పైకి వెళ్లిపోయింది. దుమ్ము ఆమె తలగుడ్డ మీద వాలింది.

"పదకొండు," అంది అప్పుడు.

"అది నాకూ కనబడిందమ్మా!"

"కనబడాలి," అంది నెవెనా.