రెండు సేర్ల అనపకాయ

ఆ రోజుల్లో పరీక్ష అనేది ఇప్పటిలా కాయితాల కట్టల్లో, సీలు వేసిన సంచుల్లో వచ్చేది కాదు. ఎడ్లబండి మీద, మనిషి రూపంలో వచ్చేది. ఆ మనిషి బండి దిగి, దుమ్ము దులుపుకుని, కుర్చీలో కూర్చుని, ఒక బిడ్డను ఎదురుగా నిలబెట్టి ఏదో ఒకటి అడిగేవాడు. దానికి వచ్చిన జవాబుతో ఆ బిడ్డ పైతరగతికి పోవాలా, పశువుల వెంట పోవాలా అన్నది తేలిపోయేది. పిల్లలకు ఏం వచ్చో తెలుసుకోవడానికే పరీక్ష అని ఇప్పుడు సభలు పెట్టి మరీ చెబుతున్నారు. నేనూ ముందు వరసలో కూర్చుని తల ఊపుతుంటాను. కానీ ఆ ముక్క నాకు తలకెక్కింది ఏ సభలోనూ కాదు, ఒక అనపకాయ దగ్గర.

మా బడి బోరబండ దాటి పడమటికి పోతే వచ్చే గుట్టల్లో ఉండేది. గుట్టలంటే అవి మామూలు గుట్టలా! ఒక్కొక్క బండ రాజుగారి దర్బారంత, దాని నెత్తిన ఇంకో బండ, ఆ బండ నెత్తిన ఒక మేక. (ఆ రాళ్ళల్లో మేకలకు తప్ప మనుషులకు పని దొరికే రోజు ఈ భూమ్మీద రాదని నేనప్పుడే తేల్చేశాను. ఇవాళ్టికీ ఆ మాట మీదే ఉన్నాను.) బడికి కప్పు సగమే ఉండేది, మిగతా సగం ఆకాశమే చూసుకునేది. నాకింకా మీసం పూర్తిగా మొలవలేదు గనక నన్ను అందరూ చిన్నపంతులు అనేవాళ్ళు. పెద్దపంతులుగారు మాకు సదర్ సాబ్. ఆయన దగ్గితే గుట్ట మీది మేకలు కూడా వరసలో నిలబడేవి.

అంతకు ముందటేడే రాజ్యం మారింది. నిన్నటిదాకా ఉర్దూలో నడిచిన చదువు తెల్లారేసరికి తెలుగులోకి దిగింది. పిల్లలకు తెలుగు ఇంటిభాషే, కానీ లెక్కల పీరియడ్లో అది కొత్త చుట్టం, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసేది కాదు. అందుకని నేను లెక్క మొత్తం తెలుగులో చెప్పినా, మొదటి రెండు మాటలు మాత్రం పాతవే ఉంచేశాను: 'ఫర్జ్ కరో'. అంటే 'అనుకోండి' అని. "ఫర్జ్ కరో, ఒక మేకకు ఆరు కాళ్ళు. పది మేకలకు ఎన్ని?" అనగానే "అరవై!" అని కప్పులేని వైపు ఆకాశం అదిరేలా అరిచేవాళ్ళు. ఆ రెండు మాటలంటే చాలు, మేకకు రెక్కలు మొలిచినా ఎవరికీ ఫికర్ లేదు. అనకపోతే మాత్రం ఒక పిల్ల ఊరుకునేది కాదు.

ఆ పిల్లకు నేను పెట్టుకున్న పేరు పండుమిర్చి. మనిషి అంతే ఉండేది, ఘాటూ అంతే. నాలుగో తరగతి. నేను నల్లబల్ల మీద తప్పు రాస్తే "జర చూసుకోండ్రి సార్" అని మెత్తగా అనేది. ఆ మెత్తదనానికే నాకు చెమటలు పోసేవి. లెక్క నా నోట్లో ఉండగానే జవాబు ఆమె నోట్లో ఉండేది. ఊరి పొలిమేర దాటి చదువుకున్న ఆడపిల్ల అప్పటికి మా ఊళ్ళో ఒక్కతీ లేదు. వాళ్ళ నాయిన నాతో ముందే తెగేసి చెప్పాడు: "చూడు చిన్నపంతులూ, నాలుగో తరగతి పాసైతే పట్నంల మా అక్క ఇంట్ల ఉంచి చదివిపిస్త. నా మాటంటే మాట. ఫేలైందా, ఇగ చదువు బందు. ఇంట్ల పని మస్తుగుంది." నేను నవ్వేశాను. సూర్యుడు ఫేలవుతాడేమో గానీ పండుమిర్చి ఫేలవుతుందా!

పరీక్ష రోజు రానే వచ్చింది. వచ్చిన ఇనస్పెక్టరుగారు కృష్ణ అవతలి జిల్లాల మనిషి. మంచివాడు, నిప్పులాంటివాడు, మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి' పెట్టేవాడు. ఆయన తుమ్మినా 'హాచ్చండి' అనే తుమ్ముతాడని మా పిల్లలు ఒట్టేసి చెప్పారు. పదినిమిషాల్లో ఆయనకు అండిసారు అని పేరు స్థిరపడింది. తరగతి మొత్తాన్నీ నిలబెట్టి, ఒకే లెక్క అడిగాడు: "ఒక ఆనపకాయ రెండు శేర్లు తూగుతుందండి. బండిలో నలభై ఆనపకాయలున్నాయండి. బండిలో బరువెంత?"

ఇక్కడ ఆగి ఒక ముక్క చెప్పాలి. మా దిక్కు అనపకాయ అంటే చిక్కుడుకాయకు చెల్లెలు. వేలెడంత ఉంటుంది, ఒలిచి గింజలు కూర వండుకుంటాం. ఆయన మొదటి అక్షరాన్ని సాగదీసి 'ఆనపకాయ' అన్నాడు. అన్నిటికీ అండి తగిలించే మనిషి కదా, కూరగాయకు కూడా మర్యాద ఇస్తున్నాడనుకున్నాం. రెండు శేర్ల సంగతి వినగానే నేనూ ఒకసారి నా వేలు వైపు చూసుకున్నాను. కానీ కృష్ణ నీళ్ళు పారే నేల, అక్కడ చిక్కుడు కూడా ఏనుగవుతుందేమో, మనం చూడొచ్చామా అని సర్దుకున్నాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు "ఎనభై" అన్నారు, కూర్చున్నారు. పండుమిర్చి వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది.

"తూగదు సార్."

"ఏమన్నావమ్మా?"

"అనపకాయ రెండు సేర్లు తూగదు సార్."

"తూగుతుందండి. మా ఇంట్లో మూడు శేర్లది కూడా కాసింది."

పండుమిర్చి నా వైపు చూసింది, తర్వాత జాలిగా ఆయన వైపు చూసింది. "గిట్లెట్ల సార్? పిడికిట్ల పదిపన్నెండు పడ్తయి. మీ ఇంట్లది తెచ్చి చూపియ్యిండ్రి, అప్పుడు చెప్త."

బడి నవ్వింది. మేకలు కూడా నవ్వాయని నా అనుమానం. అండిసారు ముఖం మిరప రంగుకు తిరిగింది. "ప్రశ్న గ్రహించలేదు" అని రాసి, కింద గీత గీసి, బండెక్కి తాను బస చేసిన చందానగర్ బంగ్లాకు వెళ్ళిపోయాడు. లెక్క తేలింది: చిక్కుడుకాయ రెండు సేర్లుంటుందని నోరుమూసుకుని నమ్మినవాళ్ళందరూ పాసు. అదెట్లా అని ఆలోచించిన ఒకే ఒక్క బుర్ర ఫేలు.

సాయంత్రం వాళ్ళ నాయిన వచ్చాడు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది, నెమ్మదిగా వచ్చాడు. "అయిపాయె గద సార్. సోమవారం నుంచి రాదు." వెనక పండుమిర్చి నిలబడింది. ఏడవలేదు. "సార్, నేను తప్పు చెప్పిన్నా?" అని అడిగింది. నేను లేదన్నాను. "మరి ఎట్ల ఫేలైన?" అంది. ఆ క్షణంలో నా రావాల్సిన మీసం మొత్తం ఒక్కసారిగా మొలిచినట్టయింది. పొద్దున్నే బంగ్లాకు పోయి అనపకాయలు తూచి చూపిస్తానని సదర్ సాబ్‌తో చెప్పాను.

ఆయన దగ్గడం కూడా మరిచిపోయాడు. "ఏంది చిన్నపంతులూ, నౌక్రీ బరువైందా? కొత్త సర్కారు, కొత్త దొర. ఆయన అనపకాయ రెండు సేర్లంటే రెండు సేర్లే. ఏనుగు పావుసేరంటే పావుసేరే. ఎందుకు పరేషాన్?"

"పిల్ల కరెక్టు చెప్పింది సాబ్."

"కరెక్టు చెప్తే పాసైతరని నీకెవరు చెప్పిండ్రయ్యా?" అన్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మంచి తరాజు తీస్కపో. కోమటాయన దగ్గరుంది. నేనన్నట్టు చెప్పకు," అన్నాడు.

మర్నాడు బయల్దేరాను. కిరాయి సైకిల్, దానికి బ్రేకులు లేవు. (బ్రేకులున్న సైకిల్ అడిగితే, "ఆపుకునుడు మీ పని, నడుపుడు సైకిల్ పని" అన్నాడు కిరాయికిచ్చినాయన.) వీపున గోనెసంచి నిండా అనపకాయలు, మెళ్ళో వేలాడే తరాజు. గుట్ట దిగుతుంటే తరాజు పళ్ళేలు రెండూ గుడిగంటల్లా మోగాయి. దారిలో బండలు తప్పుకుని నాకు చోటిచ్చాయంటే మీరు నమ్మరు, అయినా చెబుతున్నాను. ఒక మేకలమంద చీలి రెండు పక్కలా నిలబడింది. ఏదో పెళ్ళి బారాత్ పోతున్నదనుకుని ఇద్దరు పిల్లలు చందానగర్ దాకా నా వెంట పరుగెత్తారు. ఆగే ఉపాయం లేక బంగ్లా గోడే నన్ను ఆపింది.

వరండాలో అండిసారు అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వంటాయన చేతులు నలుపుకుంటున్నాడు. సంచితో నన్ను చూడగానే అండిసారు లేచి నిలబడ్డాడు. "లంచమాండి? నాకు కూరగాయలతో లంచమా?" అని గర్జించాడు. ఆ గర్జనకు నా చేతిలో సంచి జారింది. అనపకాయలు వరండా అంతా పరుచుకుని ఆయన పాదాల దాకా పోయాయి. ఆయన వాటిని చూశాడు. పళ్ళెంలోకి చూశాడు. మళ్ళీ కిందకు చూశాడు.

"మళ్ళీ ఇవేనా!" గొంతు దాదాపు ఏడుపులా ఉంది. "వచ్చినప్పట్నుంచి పూటపూటా ఇవేనండి. నేను అడిగేది ఆనపకాయ పులుసయ్యా బాబూ, ఆనపకాయ!"

వంటాయన ఏడుపు మొహంతో నా వైపు తిరిగాడు. "మీరన్న చెప్పుండ్రి సార్. అనపకాయ అంటరు, అనపకాయనే వండుతున్న. తినకుండ తిడ్తరు. ఇంకేం వండాలె?"

"ఇవే అనపకాయలు సార్," అన్నాను నేను.

"ఇవాండి? ఇవి చిక్కుళ్ళ జాతి! ఆనపకాయంటే..." అంటూ రెండు చేతులూ చాచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గాలిలో ఒక ఆకారం చూపించాడు. మెడ సన్నం, కడుపు లావు.

నేనూ వంటాయనా ఒకేసారి అరిచాం: "సొరకాయ!"

అండిసారు చాచిన చేతులు అలాగే ఉన్నాయి, అందులో లేని సొరకాయను ఎక్కడ దించాలో తెలియనట్టు. చివరికి కూర్చున్నాడు. "ఆ పిల్ల..." అన్నాడు.

"ఆ పిల్ల ప్రశ్న గ్రహించింది సార్. మీరడిగింది గ్రహించింది. మీరనుకున్నది గ్రహించలేదు," అన్నాను. ఆ వయసులో అంత మంచి వాక్యం నా నోట ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. (నిజానికి కొంచెం నత్తితో వచ్చింది.) "మార్కు దిద్దండి సార్. దిద్దేదాకా నేనూ ఈ తరాజూ ఇక్కణ్ణుంచి కదలం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా ప్రాణం పోయింది. "దిద్దనండి. ఆ ఒక్క పిల్లకి దిద్దితే అది దయ అవుతుంది. దయ నాకొద్దు, ఆ పిల్లకీ వద్దు. 'ఎనభై' అన్నవాళ్ళకి మాత్రం నా ప్రశ్న తెలిసిందా ఏవిటి? అందర్నీ మళ్ళీ అడుగుతాను. అది పరీక్ష అవుతుంది." అని వంటాయన వైపు తిరిగి, "నాయనా, ఒక సొరకాయ తెప్పించు. రెండు తెప్పించు. ఒకటి పులుసుకి," అన్నాడు.

మర్నాడు మా బడి బల్ల మీద సొరకాయ పడుకుంది. దీన్నేమంటారని అడిగితే కప్పులేని వైపు ఆకాశం మళ్ళీ అదిరింది. మళ్ళీ పరీక్ష అని కబురు పెడితే పండుమిర్చిని వాళ్ళ నాయినే వెంటబెట్టుకొచ్చాడు, గడప దగ్గర నిలబడ్డాడు. అండిసారు గొంతు సవరించుకున్నాడు. "ఒక సొరకాయ రెండు శేర్లు ఉందమ్మా. బండిలో అలాంటివి నలభై..."

పండుమిర్చి నడిచి వచ్చి, సొరకాయను చంకనెత్తుకుని చూసింది. "ఇది రెండు సేర్ల కంటె ఎక్కువనే ఉంది సార్."

నేను కళ్ళు మూసుకున్నాను. గడప దగ్గర వాళ్ళ నాయిన కూడా మూసుకుని ఉంటాడు. అండిసారు నా వైపు వంగి, "ఇప్పుడేమైందండి?" అన్నాడు.

"సార్, ఫర్జ్ కరో అనండి."

"అంటే?"

"అనుకో అని సార్. మా లెక్కలన్నీ అట్లనే మొదలైతయి."

"మీరు ఉన్నది అన్నరు గద సార్," అంది పండుమిర్చి మెత్తగా. "అనుకొమ్మని అన్లేదు."

అండిసారు నిటారుగా కూర్చుని, కోటు సర్దుకుని, జీవితంలో మొదటిసారి ఉర్దూ మాట్లాడాడు: "ఫర్జు కరో అండీ! ఒక సొరకాయ రెండు..."

"ఎనభై సేర్లు సార్," అంది, ఆయన వాక్యం ముగియకముందే.

గడప దగ్గర వాళ్ళ నాయిన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా అక్కకు కబురు పెట్టాలె," అని ఎవరితోనో అన్నాడు. అక్కడ ఎవరూ లేరు.

పండుమిర్చి ఇప్పుడు బాచుపల్లిలో లెక్కల పంతులమ్మ. నా మీసం తీరిగ్గా మొలిచి, తొందరగా నెరిసింది. నాకూ ఒక కుర్చీ వచ్చింది, బడులు తిరిగి పరీక్షలు చూసే పని వచ్చింది. ఏ పిల్లవాడైనా అడ్డదిడ్డంగా జవాబు చెబితే చెయ్యి దానంతటదే సున్నా మీదికి పోతుంది. అప్పుడు చెవిలో మెత్తగా 'తూగదు సార్' అని వినిపిస్తుంది. కలం పక్కన పెట్టి, "నేనేమడిగాను, నీకేం అర్థమైందో చెప్పు నాయనా," అంటాను. సగంసార్లు తప్పు పిల్లవాడి దగ్గర దొరకదు, నా ప్రశ్నలో దొరుకుతుంది.

ఇంట్లోవాళ్ళు సొరకాయ తెమ్మంటే మాత్రం ఆలస్యమవుతుంది. కూరగాయల బండి ముందు నిలబడి, ఒకటెత్తి చంకలో పెట్టుకుని, కళ్ళు సగం మూస్తాను. ఫర్జ్ కరో, ఆ చిన్నపంతులు మెళ్ళో తరాజు మోగించుకుంటూ, బ్రేకుల్లేని సైకిల్ మీద ఇటే వస్తున్నాడు. అతను ఆగలేడు కదా. అందుకని ఈ వయసులో నేనే కొంచెం పక్కకు జరిగి, దారి ఇస్తాను.