బాత్రూం దర్వాజకు కొబ్బరికాయ

మా ఇంట్లో స్నానానికి టబ్బు ఉందంటే మానుకోటలో మా ఆఫీసు వాళ్లు ఒక పట్టాన నమ్మరు. "నీ అసొంటోని ఇంట్ల టబ్బా?" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. డోర్నకల్‌లో రైలు పట్టాల పక్కనున్న మా చిన్న ఇంట్లో, నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడ్డ తెల్లటి టబ్బు ముప్పై ఏళ్లు కాపురం చేసింది. మా నాయిన రైల్వేలో ఫిట్టరు. ఎక్కడో పాత బంగ్లా కూలగొడుతుంటే, బర్రెకు కుడితి తొట్టిగా పనికొస్తుందని దాన్ని కొనుక్కొచ్చాడు. ఎనిమిది మంది మోశారట. బర్రె ఒక్కసారి వాసన చూసి మూతి తిప్పుకుంది. బర్రె వద్దన్నదాన్ని నేను తీసుకున్నాను. నాయిన దాని చుట్టూ గోడలు కట్టించి బాత్రూం అన్నాడు.

ఆదివారం పొద్దున బకెట్ల కొద్దీ వేన్నీళ్లు పోసుకుని, మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నానంటే, వారమంతా ఆఫీసులో తిన్న చీవాట్లు నానిపోయి ఊడిపోయేవి. "బర్రెలన్న గింతసేపు పండవు" అనేది మా ఆవిడ తలుపు బాదుతూ. నేను పలికేవాణ్ని కాదు.

ఇంతలో మా అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. మావైపు అమ్మను అవ్వ అంటాం. టబ్బు పోగా మిగిలిన జాగాలో గొంతుక్కూర్చుని చెంబుతో పోసుకోవాలి. అవ్వ కిందికి కూర్చోలేదు. కుర్చీ వేద్దామంటే పట్టదు. టబ్బులోకి దిగుదామంటే ఆ అంచు మీది నుంచి కాలు ఎత్తి వేయలేదు. అందుకని ఏడాదిగా పెరట్లో రెండు గుంజలకు పాత చీర కట్టి, దాని వెనక స్టూలు మీద కూర్చుని పోసుకుంటోంది. పెరడు గోడ కంటే రైలు కట్ట ఎత్తు. కాబట్టి మా అవ్వ స్నానం రైళ్ల టైం ప్రకారం నడిచేది. ఒక బండి పోగానే గబగబా రెండు చెంబులు, మళ్లీ కూత వినపడితే ముడుచుకుని కూర్చోవడం. మా ఆవిడ తువ్వాల పట్టుకుని కావలి. ఓ రోజు సిగ్నల్ దొరక్క ఒక ప్యాసింజరు సరిగ్గా మా పెరడు వెనకే ఆగిపోయింది. "గా బండి కదిలేదాంక ఒంటి మీద సబ్బు ఎండిపాయె బిడ్డా" అని అవ్వ తర్వాత చెప్పి నవ్వింది. అందరం నవ్వాం. నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఆ నెలలోనే బాత్రూం బాగు చేయిద్దామని మేస్త్రీని పిలిచాం. కొత్త టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ, అవ్వకు కుర్చీ. "టబ్బు తీస్తేనే అత్తమ్మకు జాగయితది" అని మా ఆవిడ తేల్చేసింది. మేస్త్రీ టేపుతో కొలిచి తలూపాడు. నేను "చూద్దాం" అన్నాను. నేను చూద్దాం అంటే చస్తే ఒప్పుకోనని అర్థం.

"టబ్బుకు మెట్లు కట్టిద్దాం. అవ్వ దర్జగ అండ్ల కూసుంటది, వేన్నీళ్లకు మోకాళ్లు నానుతయి" అన్నాను, పెద్ద దవాఖాన డాక్టరులా.

"గంత పావురం, గంత ప్రేమ ఉన్నోడివి, గా టబ్బునే పెండ్లి చేసుకోకపోయినవ్?" అంది మా ఆవిడ.

ఇక మాటలతో పని కాదని తేలిపోయింది. యుక్తి పన్నాను. పాత తలుపు మూడున్నర అడుగుల వెడల్పు. బాత్రూం తలుపు అంత వెడల్పుంటే వాస్తుకు మంచిది కాదని ఆఫీసులో ఎవరో అన్నట్టు మేస్త్రీకి చెప్పి, అటూ ఇటూ ఇటుకలు కట్టించి రెండడుగుల దర్వాజ, అంటే గుమ్మం చట్రం, పెట్టించాను. అందులోంచి టబ్బు ఎటు తిప్పినా బయటికి పోదు. చాటుగా మూడుసార్లు కొలిచాను మరి.

కానీ పెట్టిన దర్వాజను పీకడం ఎంతసేపు? అందుకే దుకాణానికి పోయి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చాను. ఇంటి పెద్ద దర్వాజ నిలబెట్టినప్పుడు మావైపు పూజ చేస్తారు. పూజ చేసిన దర్వాజను ఎవరూ కదిలించరు, ఇంటికి అరిష్టమని భయం. బాత్రూం దర్వాజకు మాత్రం అప్పటిదాకా ఎవరూ చేసి ఉండరు. మేస్త్రీ నన్నూ దర్వాజనూ మార్చి మార్చి చూశాడు.

"సారూ, గిది బాత్రూందే."

"అయితేంది? దర్వాజ దర్వాజనే" అని కాయ కొట్టి, సగం చిప్ప అతని చేతిలో పెట్టాను.

మర్నాడు మా ఆవిడ కొత్త దర్వాజ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "టబ్బు ఎట్ల బయటికొస్తది?" మేస్త్రీ టేపు పట్టాడు. ముఖం పాలిపోయింది. "ఆగమైంది గద అక్కా! దర్వాజ పీకాలె. పూజ జేసినం. నేను ముట్ట, పిల్లలు గలోణ్ని."

"అయ్యో, గిట్లయిందేంది!" అని నేను గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.

మధ్యాహ్నం అవ్వ కర్ర పట్టుకుని నిదానంగా వచ్చింది. దర్వాజకున్న పసుపు చూసింది, నన్ను చూసింది.

"ఇగ టబ్బు ఉంటదన్నట్టేనా?"

"ఏం చేస్తం అవ్వా! దేవుడు గట్ల రాసిండు."

"అయితే నన్ను అండ్ల కూసుండబెట్టు. సూస్త."

నా సంతోషం చెప్పలేను. మా ఆవిడ ఒకపక్క, నేనొకపక్క పట్టుకుని, ఒక్కో కాలూ ఎత్తి ఖాళీ టబ్బులో దింపాం. అవ్వ దొరసానిలా వెనక్కి ఆనుకుంది. "మంచిగనే ఉందిరా" అంది. నేను మా ఆవిడ వైపు చూసి కళ్లెగరేశాను.

"ఇగ లేపు" అంది అవ్వ.

చంకల కింద చేతులు వేసి లేపాను. నున్నటి టబ్బులో మడమ సర్రున జారింది. అవ్వ కెవ్వుమని నా అంగీ పట్టుకుంది. గుండీ తెగింది.

"వద్దు కొడుకా, వద్దు! పడిపోత. నాకు భయమైతుంది."

నాయిన పోయిన రోజు కూడా మా అవ్వ నోట భయం అనే మాట రాలేదు. మెల్లగా మళ్లీ టబ్బులోనే కూర్చోబెట్టాను.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. "కొబ్బరికాయ ఎందుకు కొట్టినవో నాకు తెల్వదనుకున్నవా? నిన్ను కన్నది నేను. దర్వాజ పీకుతనని చెప్పు, అప్పుడు లేపు. లేకుంటె గీన్నే ఉంట. బువ్వ గీడికే తెండి."

సిగ్గుతో చచ్చిపోయాను. "పీకుత అవ్వా" అన్నాను. మేస్త్రీ కూడా ఒక చెయ్యి వేస్తే ముగ్గురం కలిసి పైకి తెచ్చాం. అతను దర్వాజ మీద మాత్రం చెయ్యి వెయ్యనన్నాడు. "కాయ గొట్టింది మీరు, మీరే పీకున్రి సారూ" అని సుత్తె నా చేతిలో పెట్టి దూరం జరిగాడు. మొదటి దెబ్బ నా బొటనవేలి మీదే పడింది. అవ్వ కుర్చీలో కూర్చుని, "అట్ల గాదు, అంచుల గొట్టు" అని నాకు చెబుతూనే, పైకి చేతులు జోడించి, "దేవుడా, వీనికి బుద్ధి తక్వ, నా మొఖం జూసి ఇడ్సిపెట్టు" అని మొక్కింది.

టబ్బు బయటికి పోయింది. మా ఆవిడ అందులో మట్టి నింపి పుదీన పెట్టింది. నేను మూడు రోజులు పుదీన పచ్చడి ముట్టలేదు. నాలుగో రోజు తిన్నాను, బాగుంది.

బాత్రూం పూర్తయిన మొదటి రోజు, అవ్వ లోపలికి పోగానే మా ఆవిడ అలవాటుగా తువ్వాల పట్టుకుని తలుపు ముందు నిలబడింది.

"నువ్వెందుకు నిలబడ్డవ్ బిడ్డా? పో, నీ పని జూసుకో" అని లోపలి నుంచి కేక. వెంటనే గడియ పడింది.

చాలాసేపు నీళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది. ఆఫీసుకు ఆలస్యమైపోతోంది, నా స్నానం ఇంకా కాలేదు. తలుపు కొడదామని చెయ్యి ఎత్తాను. కొట్టబుద్ధి కాలేదు. ఆ రోజు స్నానం లేకుండానే పోయాను.