తెల్లమచ్చ, పసుపు క్యాప్సూల్

ఆ మధ్యాహ్నం చౌటుప్పల్‌లోని మా మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎడమ బుగ్గ లోపల భగ్గున మండింది. అద్దంలో చూసుకుంటే, రోజూ జర్దా పొగాకు పెట్టుకునే చోట తెల్లమచ్చ. వేలితో రుద్దినా పోలేదు.

నా భార్య రూతు పట్టుబట్టి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. మచ్చలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించలేదు.

"ల్యూకోప్లేకియా. క్యాన్సర్ కాదు, కానీ కొందరికి క్యాన్సర్‌గా మారుతది. జర్దా ఇయ్యాల్నే బంద్ చెయ్యాలె," అన్నది డాక్టరమ్మ. తర్వాత అక్కడ జరుగుతున్న మందు ట్రయల్ గురించి చెప్పింది. "పసుపుల ఉండే కర్క్యుమిన్ క్యాన్సర్ రాకుండ ఆపుతదా అని చూస్తున్నం. సగం మందికి మందు, సగం మందికి ప్లాసిబో, అంటే మందు లేని క్యాప్సూల్. ఎవరికేదో నాకు గూడ తెల్వదు. ఇష్టముంటేనే సంతకం పెట్టుండ్రి."

"పసుపు మనింట్ల లేదా?" అన్నది రూతు.

ఏళ్లుగా క్యాప్సూళ్లు ప్యాక్ చేస్తున్నాను. ఒక మందును మొదట పరీక్షించేవాళ్లలో నేనూ ఉంటానంటే ఒళ్లు పులకరించింది. సంతకం పెట్టాను.

రెండో నెలలో ఆగలేక ఒక క్యాప్సూల్ విప్పాను. లోపల పసుపు పొడి. నాకు అసలు మందే వచ్చిందని సంబరపడ్డాను. ఆ ధీమాతో, మానేసిన జర్దా మళ్లీ మొదలుపెట్టాను.

మూడో నెలలో డాక్టరమ్మ స్కేలుతో కొలిచింది. మచ్చ పెరిగింది.

"మేడం, ఈయన మళ్ల జర్దా తింటున్నడు. క్యాప్సూల్ గూడ విప్పి చూసిండు," అని రూతు చెప్పేసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అంతా ఫైల్‌లో రాసుకుని, "రెండిట్ల పసుపు రంగే ఉంటది. చూసి ఏం తెలుసుకున్నరు?" అన్నది.

జర్దా డబ్బీ అక్కడి చెత్తబుట్టలోనే పడేశాను. వారం రోజులు తలనొప్పి, చిరాకు. సోంపు నములుతూ గడిపాను. నాలుగో నెలలో మచ్చ కొంచెం తగ్గింది. ఆరో నెలకు సగమైంది. కొలిచిన ప్రతిసారీ అంకె ఎంతో నేనే ముందు అడిగేవాణ్ణి.

ట్రయల్ ముగిశాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీది ప్లాసిబో."

మరి మచ్చను తగ్గించింది జర్దా మానడమేనా? "అయితే నేను మీకు పనికిరాలేదా మేడం?" అన్నాను.

"మీ అసొంటోళ్లు లేకుంటే మందు పనిచేసిందో లేదో దేనితోని పోల్చి చూస్తం?"

ఆ మాట షిఫ్టులో అందరికీ చెప్పాను. అందరి లెక్కలూ ఇంకా పోల్చి చూస్తున్నారట, మందు పనిచేసిందో లేదో తేలలేదు. ఆ కబురు కోసం ఆత్రంగా చూస్తున్నాను. నాకు మచ్చ గోరంతే మిగిలింది. మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను.

మీ నోట్లో తెల్లమచ్చ రెండు వారాలు దాటినా పోకపోతే పసుపు రాస్తూ కూర్చోకండి. డాక్టరుకు నోరు తెరిచి చూపించండి.