గుండు మీద అన్న చెయ్యి

నేను దయ్యాలను నమ్మేవాణ్ని కాదు. కొత్తకోటలో హైవే పక్కన ముప్పై ఏళ్లుగా నాకు టైలరు షాపు ఉంది. నేను తాళం వేసుకుని పోయాక లోపల మిషన్ కుడుతున్న చప్పుడు వినబడుతోందని పక్క ధాబా వాళ్లు ఒకప్పుడు పుకారు లేపారు. నిజంగా అలాంటి దయ్యం ఉంటే జీతమిచ్చి పెట్టుకునేవాణ్ని. దసరా ముందు నాకు పనివాళ్లు దొరకరు. తెల్లారి వచ్చి చూస్తే, కత్తిరించి పెట్టిన గుడ్డలు పెట్టినట్టే ఉండేవి. నా అపనమ్మకానికి అంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

ఇది పోయిన ఏడాది, వానలు తగ్గుముఖం పట్టినప్పుడు జరిగింది.

నా దగ్గర బట్టలు కుట్టించుకునే సోషల్ సారు ఒకాయన ఉన్నారు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ చుట్టూ ఉన్న గుట్టలు, అడవి దారులు, చెరువు కట్టలు పట్టుకుని తిరుగుతూ, బండల మీద ఆదిమానవులు వేసిన బొమ్మలు వెతకడం ఆయన ఆదివారాల పని. ముళ్లకు చిరిగిన ప్యాంట్లన్నీ నా దగ్గరికే వస్తాయి కాబట్టి ఆ చరిత్ర పరిశోధనలో నాకూ ఒక అతుకంత వాటా ఉంది.

ఒకరోజు ఫోన్లో ఫొటో చూపించారు. ఇంటెత్తు బండరాయి, ఆ గుండు కింద నీడలో మూపురం ఉన్న ఎర్రటి ఎడ్లు. పక్కన ఒక చిన్న చేతి ముద్ర.

"చూడన్నా, వేల ఏండ్ల కిందటి పిల్లగాని చెయ్యి."

చూడగానే గుర్తుపట్టాను. అది నా చెయ్యే. ఆ వేల ఏళ్ల చెయ్యి అప్పుడు ఆయన షర్టుకు బొత్తాం కుడుతోంది.

మా ఊరు ఇటిక్యాల వైపు. చిన్నప్పుడు మాకు మేకలుండేవి. ఆ గుట్టకు, దాని కింది చెరువుకు పేర్లున్నాయి కాని ఇక్కడ చెప్పను. బొమ్మలు బాగా కనబడాలని నీళ్లు చల్లి రుద్దేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అప్పట్లో మాకవి ఆదిమానవుల బొమ్మలని తెలియదు. మా ఎడ్లే అనుకునేవాళ్లం. సొంత ఎడ్లు లేనివాళ్లకు అవి చాలా పనికొచ్చాయి.

నాకు ఎనిమిదేళ్లు, మా అన్నకు పదకొండు. గడపలకు పూయాలని అమ్మ దాచిపెట్టిన ఎర్రటి జాజు గడ్డను అన్న ఒకరోజు గుట్టకు ఎత్తుకొచ్చాడు. బండ మీద నూరి, మేక పాలు పితికి కలిపాడు. ముందు నా కుడి చెయ్యి అద్దించాడు. దాని పక్కనే తన చెయ్యి పెట్టాడు. తన బొటనవేలు నా చిటికెన వేలి మీదికి ఎక్కింది. ఆ కలిసిన చోటి నుంచి ఒక చుక్క కిందికి కారి, నా అరచేతి ముద్ర మీదుగా గీతలా దిగింది. అన్న చిటికెన వేలు చిన్నప్పుడు తలుపు సందులో నలిగి, పై కణుపు దగ్గర బయటికి వంగి ఉండేది. ముద్రలోనూ అలాగే వంగింది.

చరిత్రకు నేను చేతులారా చేసిన అపచారం అదొక్కటే.

ఆ వానాకాలంలోనే అన్నకు జ్వరం వచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి రాలేదు. ఆ ఏడే మేకలు అమ్మేసి, అమ్మ నన్ను తీసుకుని కొత్తకోటలో మేనమామ ఇంటికి వచ్చేసింది. తను బతికి ఉన్నన్నాళ్లూ నన్ను ఆ గుట్ట వైపు పోనివ్వలేదు. ఆ తర్వాత మిషన్ పోనివ్వలేదు.

అన్నకు ఫొటో లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ లేదు. నలభై దాటాక నాకు ఆయన ముఖం మసకబారింది. యాభై దాటాక, గుర్తు చేసుకోబోతే మా అబ్బాయి ముఖం వచ్చి నిలబడుతోంది. మా అన్న ఈ భూమ్మీద తిరిగాడనడానికి మిగిలిన గుర్తు ఆ చెయ్యి ఒక్కటే. సారు ఫొటోలో నా చిటికెన వేలికి ముందే అంచు తెగిపోయింది. అన్నది ఉందో, ఎవరైనా రుద్ది పోగొట్టారో తెలియదు. వచ్చే ఆదివారం నన్నూ తీసుకుపొమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

పొద్దున్నే బయల్దేరాం. చెరువు నిండి ఉంది. కట్ట మీద గొర్రెలు మేపుతున్న ముసలాయన మమ్మల్ని ఆపాడు.

"ఏడికి సారూ, చేతుల గుండు కాడికా? పొండ్రి, పొండ్రి. తండ్రీకొడుకులు ఇద్దరూ ఆడ్నే ఉన్నరు, యాడికి పోతరు."

ఆ రెండు ముద్రలను ఇక్కడివాళ్లు తండ్రీకొడుకుల చేతులంటారని సారు చెప్పారు. రెండు అన్న మాట వినగానే నా కాళ్లకు బలం వచ్చింది. తండ్రీకొడుకులేమిటి, అన్నదమ్ములు కదా అని లోపల నవ్వుకున్నాను కూడా.

సీతాఫలం చెట్ల మధ్య నుంచి దారి. పండ్లు పక్వానికొచ్చి కళ్లు తెరిచి ఉన్నాయి. ఎనిమిదేళ్లప్పుడు పరుగెత్తిన ఎక్కుడు ఇప్పుడు నాలుగుచోట్ల కూర్చోబెట్టింది. సారు వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ, చెట్లను పరిశీలిస్తున్నట్టు నటించాను.

గుండు కిందికి వంగి వెళ్లాను. ఎడ్లు ఉన్నాయి. నా చెయ్యి ఉంది. పక్కన అన్న చెయ్యి ఉంది. బొటనవేలు నా చిటికెన వేలి మీదే ఉంది. వంగిన చిటికెన వేలు ఉంది. కారిన చుక్క గీత ఎక్కడా తెగకుండా ఉంది.

కాని అది పదకొండేళ్ల పిల్లవాడి చెయ్యి కాదు. నిండా పెరిగిన మగమనిషి చెయ్యి.

పిల్లల చేతులూ పెద్దల చేతులూ కొలిచి బతికేవాణ్ని. మెడలో టేపు అలవాటుగా ఉండనే ఉంది. బండకు తగలకుండా, పక్కన గాలిలో పట్టి చూశాను. నాది అయిదుంపావు అంగుళాలు. అన్నది ఏడుముప్పావు. ఇప్పటి నా చెయ్యి ఏడుంపావు. మూడుసార్లు కొలిచాను. తర్వాత సారుకు ఇచ్చి ఆయనతో కొలిపించాను. అవే అంకెలు.

అప్పుడు చెప్పాను. "సార్, ఈ చిన్నది నాది. పెద్దది మా అన్నది. గప్పుడు గింత లేకుండె."

"ఏందన్నా, పొద్దుగాల్నే కల్లు గిట్ల పడ్డదా?" అన్నారు. నా ముఖం చూసి మళ్లీ బండ వైపు వంగారు. మీ తర్వాత ఎవరో పెద్దవాడు దాని మీద అద్ది ఉంటాడన్నారు. అదే వంకర వేలున్నవాడా? అదే చోట బొటనవేలు పెట్టి, పాతదాని జాడ లేకుండా, ఆ చుక్క గీత చెరగకుండానా అని అడిగాను. ఆయన టేపు తీసుకుని ఇంకోసారి కొలిచారు. నా జ్ఞాపకమే తప్పని నన్ను నేను ఒప్పించుకోవడానికి చాలా ప్రయత్నించాను. కాని ఆ రోజు అన్న చెయ్యి నాకంటే ఒక కణుపు మాత్రమే పొడుగు. పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.

నాకు భయం వేయలేదు. దిగడానికి మనసొప్పక గంటసేపు అక్కడే కూర్చున్నాను.

రెండు వారాలకు పెత్రమాస వచ్చింది. మాలో ఆ అమావాస్యకు పోయినవాళ్లకు కొత్త బట్టలు పెడతాం. ఫొటో లేదు కాబట్టి పీట మీద అన్న పేరున నిక్కరు, పొట్టి చేతుల షర్టు పెట్టేది అమ్మ. అమ్మ పోయాక నేనే కుడుతున్నాను. ఎప్పుడూ పదకొండేళ్ల కొలతే. పూజయ్యాక వాడకట్టులో ఎవరో ఒక పిల్లవాడికి ఇచ్చేవాళ్లం.

ఈసారి గుడ్డ పరిచి చాలాసేపు సుద్ద పట్టుకుని నిలబడ్డాను. చివరికి ప్యాంటు, నిండు చేతుల షర్టు కత్తిరించాను. ఛాతీ, భుజం నా కొలతే వేసి, చేతులు మాత్రం అరంగుళం పొడుగు పెట్టాను.

పీట మీద చూసి నా భార్య అడిగింది. "గింత పెద్దది ఎవలకు?"

"అన్నకే."

"పెరిగిండా?"

"ఊ."

పూజయ్యాక మడత విప్పి నా చేతికిచ్చింది. "పిల్లగాండ్లకు రాదిది. నువ్వే తొడుక్కో."

ఆ చెయ్యి ఎలా పెరిగిందో నాకు తెలియదు. సారుకూ తెలియదు. ఆయన ఆ ముద్రల గురించి ఎక్కడా రాయలేదు. షర్టు తొడుక్కున్నాను. చేతులు మణికట్టు దాటి అరచేతి మీదికి వచ్చాయి. సరిచేసుకోవడం నాకు అయిదు నిమిషాల పని. చేయలేదు. చిన్నప్పుడు అన్న విడిచిన అంగీలన్నీ నాకు ఇలాగే ఉండేవి.